డిశ్చార్జి తర్వాత: అనొరెక్సియా తిరగబెట్టకుండా చూసే వైద్యం ఎలా పుట్టింది?

అనొరెక్సియా నెర్వోసాతో చిక్కిపోయిన మనిషిని ఆస్పత్రిలో చేర్చి, తిండి పట్టించి, మళ్ళీ మామూలు బరువుకు తేవడం వైద్యులకు నూట యాభై ఏళ్ళ క్రితమే తెలుసు. ఇంటికి పంపాక ఆ జబ్బు తిరగబెట్టకుండా చూడడం కూడా వైద్యమేనన్న ఎరుక మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. ఈ ఆలస్యానికి ముఖ్య కారణం రోగి కుటుంబాన్ని వైద్యులు చాలాకాలం శత్రువుగా చూడడమే.

ఈ జబ్బుకు పేరు పెట్టినవాడు లండన్ వైద్యుడు సర్ విలియం గల్. 1873లో ఆయన చదివిన పత్రం మరుసటి ఏడాది అచ్చయింది. అందులో 'మిస్ ఎ' అనే అమ్మాయివి రెండు బొమ్మలున్నాయి: 1866లో పదిహేడేళ్ళ వయసులో ఎముకల గూడులా ఉన్నప్పటిది ఒకటి, 1870లో బుగ్గలు నిండాక తీసినది ఒకటి. తర్వాత వందేళ్ళపాటు వైద్యులు నయం కావడమంటే ఆ రెండు బొమ్మల మధ్య తేడాగానే లెక్కవేశారు. వేళ తప్పకుండా తిండి పెట్టాలనీ, రోగి దగ్గర ఉండడానికి బంధువులు, స్నేహితులు ఏమాత్రం తగరనీ గల్ రాశాడు.

1873లోనే పారిస్‌లో షార్ల్ లాసెగ్ అనే వైద్యుడు ఇదే జబ్బు గురించి రాశాడు. ఆయన చూపు గల్ కంటే దూరం పోయింది. కూతురు తిండి మానేస్తే ఇంట్లోవాళ్ళు ముందు బతిమాలతారు, తర్వాత బెదిరిస్తారు, చివరికి ఇల్లంతా ఆమె కంచం చుట్టూనే తిరుగుతుంది. రోగిని ఈ పరిసరాల నుంచి విడదీసి చూస్తే జబ్బు అర్థం కాదన్నాడు. జబ్బు మొదలైన పదేళ్ళకు కూడా అందరిలా తినలేనివాళ్ళు తనకు తెలుసని కూడా రాశాడు. తిరగబెట్టే గుణం గురించి ఇంత స్పష్టంగా చెప్పిన తొలి మాటల్లో ఇది ఒకటి. దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1880ల్లో పారిస్ నరాల వైద్యుడు షార్కో మాటే చెల్లింది. అంగులేమ్ నుంచి తెచ్చిన ఒక అమ్మాయి తల్లిదండ్రులను ఆయన ఊరు విడిచి వెళ్ళమన్నాడు. వాళ్ళు వెళ్ళాకే ఆమె తినడం మొదలుపెట్టింది. దాంతో ఏకాంతవాసమే మందుగా స్థిరపడింది. ఆమె తిరిగి ఆ ఇంటికే వెళ్ళాలి కదా అన్న సంగతిపై ఆ పాఠంలో ఆలోచన లేదు.

1914లో హాంబర్గ్ వైద్యుడు మోరిస్ సిమ్మండ్స్ పిట్యూటరీ గ్రంథి దెబ్బతిని శరీరం క్షీణించే జబ్బును వర్ణించాక, రెండు దశాబ్దాలకు పైగా చాలామంది అనొరెక్సియాను దానితో కలగలిపారు. ఆ కాలంలో మనసు ఊసు వెనక్కిపోయింది.

ఆకలి మనసును ఏం చేస్తుందో తెలిపినది వేరే దిక్కు నుంచి వచ్చిన పరిశోధన. 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ బృందం, యుద్ధానికి వెళ్ళబోమన్న 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను వాళ్ళ ఇష్టపూర్వకంగానే ఆర్నెల్లపాటు అరకడుపుతో ఉంచింది. వాళ్ళు వంటల పుస్తకాలు చదవసాగారు, కంచాలు నాకారు, ఒకరితో ఒకరు కలవడం తగ్గించారు. అంతకంటే విలువైన సంగతి తర్వాత బయటపడింది. తిండి మళ్ళీ పెట్టడం మొదలెట్టాక కూడా నెలల తరబడి వాళ్ళ మనసు కుదుటపడలేదు. బరువు వచ్చినంత మాత్రాన మనిషి కోలుకున్నట్టు కాదని ఇది రుజువు చేసింది.

అయినా 1960, 70ల్లో ఆస్పత్రులు బరువు కోసమే పద్ధతులు కట్టాయి. బరువు పెరిగితే మంచం దిగనిచ్చేవారు, ఉత్తరాలు ఇచ్చేవారు, చూడడానికి మనుషులను రానిచ్చేవారు. ఈ తీరు ప్రమాదకరమని 1974లో మానసిక వైద్యురాలు హిల్డే బ్రూక్ హెచ్చరించారు. వార్డు నుంచి బయటపడడానికే తిన్న అమ్మాయికి, బయటపడ్డాక తినడానికి కారణమేదీ మిగలదు. ఆ ప్రమాదాన్ని లోకమంతా 1983లో చూసింది. గాయని కారెన్ కార్పెంటర్ న్యూయార్క్‌లో నెలల తరబడి చికిత్స పొంది, బరువు పెరిగి కాలిఫోర్నియా తిరిగి వచ్చాక, ఫిబ్రవరి 4న గుండె ఆగి మరణించింది. వయసు 32.

ఆ దశాబ్దంలోనే లండన్ మాడ్‌స్లే ఆస్పత్రిలో అసలు మలుపు వచ్చింది. జెరాల్డ్ రస్సెల్ వార్డులో నర్సులు రోగుల పక్కనే కూర్చుని ప్రతి ముద్దా తినిపించేవారు. బరువు నమ్మకంగా పెరిగేది. ఇంటికి వెళ్ళాక తరిగేది. అందుకని రస్సెల్, స్ముక్లర్, డేర్, ఐస్లర్ బృందం పరిశోధనను డిశ్చార్జి దగ్గరే మొదలుపెట్టింది. వార్డులో బరువు పుంజుకున్న 80 మందిని రెండు వర్గాలు చేసి, ఏడాదిపాటు ఒక వర్గానికి కుటుంబంతో కలిపి, మరో వర్గానికి విడిగా చికిత్స ఇచ్చింది. 1987లో ఫలితాలు వెలువడ్డాయి. పంతొమ్మిదేళ్ళలోపే జబ్బు మొదలై, మూడేళ్ళు దాటనివాళ్ళలో కుటుంబ చికిత్సే మెరుగని తేలింది. ఆ మేలు ఐదేళ్ళ తర్వాత కూడా నిలిచిందని 1997లో చూపారు.

ఈ పద్ధతిలో ఒక ఘట్టం దగ్గరగా చూడదగ్గది. తొలి రోజుల్లోనే ఒకసారి కుటుంబమంతా భోజనం వెంట తెచ్చుకుని చికిత్సకుని గదిలో తింటారు. కూతురికి చెరోపక్క కూర్చున్న అమ్మానాన్నలకు ఆయన ఎలా చెప్పాలో, ఎంత గట్టిగా నిలబడాలో అక్కడికక్కడే నేర్పుతాడు. ఆమె తిందామనుకున్నదానికంటే ఒక్క ముద్ద ఎక్కువ తినడమే ఆ పూట లక్ష్యం. తప్పు తల్లిదండ్రులది కాదు, జబ్బుది అని ముందే తేల్చి చెబుతారు. గల్ వద్దన్న మనుషులే ఇక్కడ ప్రధాన వైద్యులయ్యారు.

రోగి దగ్గర ఇంటివాళ్ళు ఉండడం భారతదేశానికి కొత్త కాదు. 1950ల్లోనే అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో డేరాలు వేయించి కుటుంబాలను రోగులతోపాటు ఉంచారు. చిత్తూరు వైపు తెలుగువాళ్ళకు దగ్గరైన వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ కూడా అదే దారి పట్టింది. ఆ ప్రయత్నాలు అనొరెక్సియా కోసం చేసినవి కావు గాని, వాటి వెనుక ఉన్న నమ్మకం మాడ్‌స్లే చేరుకున్నదే.

అనొరెక్సియా ఉన్న పెద్దవాళ్ళ విషయం ఇంకా కష్టంగానే ఉంది. ఆస్పత్రి నుంచి వచ్చిన 33 మందిపై న్యూయార్క్‌లో చేసిన అధ్యయనం 2003లో అచ్చయింది. ఆలోచనా ధోరణిని సరిచేసే చికిత్స పొందినవాళ్ళలో 22 శాతం మంది మళ్ళీ జబ్బు పడడమో మధ్యలో మానేయడమో జరిగితే, ఆహార సలహాలు మాత్రమే అందుకున్నవాళ్ళలో అది 73 శాతం. మందులతో ఆశ నెరవేరలేదు: బరువు తిరిగి తెచ్చుకున్న 93 మందికి ఇచ్చి చూసిన ఫ్లూఆక్సెటిన్ ఉత్తుత్తి మాత్రకంటే మేలు చేయలేదని 2006లో తేలింది.

వ్యసనాల వైద్యం నుంచి మరో పాఠం వచ్చింది. ఒక పూట తిండి తప్పడం వేరు, జబ్బు తిరగబెట్టడం వేరు. మొదటిది కనిపించినప్పుడే పట్టుకుంటే రెండోది ఆగుతుంది. నెదర్లాండ్స్‌లో దీన్ని కాగితం మీద పెట్టారు. డిశ్చార్జికి ముందే రోగి, కుటుంబం, చికిత్సకుడు కూర్చుని ఏయే సంగతులు జబ్బును రేపుతాయో, తొలి గుర్తులేమిటో, ఏ దశలో ఎవరు ఏం చేయాలో రాసుకుంటారు. అలా చూసుకున్న 83 మందిలో 11 శాతానికే జబ్బు పూర్తిగా తిరగబెట్టిందని 2016లో ప్రకటించారు. అత్యధిక ప్రమాదం ఇంటికి వచ్చిన నాలుగో నెల నుంచి పదహారో నెల దాకా ఉంటుందని కూడా ఆ అధ్యయనం గుర్తించింది. బరువు నిలకడగానే ఉంది కదా అని ఆ నెలల్లో వైద్యుడికి చూపించుకోవడం మానేయాలనిపించవచ్చు. కనీసం ఏడాదిన్నర దాకా మానవద్దు.