ప్రయోగశాల దాటితే బతకని బ్యాక్టీరియా

1974 ఆగస్టులో రాయ్ కర్టిస్ తోటి శాస్త్రవేత్తలకు పెద్ద ఉత్తరం ఒకటి రాశాడు. అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయం బర్మింగ్‌హామ్ కేంద్రంలో సూక్ష్మజీవుల జన్యుశాస్త్రం ఆయన పని. ఒక జీవి డీఎన్‌ఏ ముక్కను కత్తిరించి బ్యాక్టీరియాలో అతికించే కొన్ని ప్రయోగాలను తాత్కాలికంగా ఆపుదామని పాల్ బెర్గ్, ఆయన సహచరులు ఆ జులైలోనే కోరారు. అది చాలదు, ఇంకా చాలా ప్రయోగాలు ఆపాలన్నది కర్టిస్ వాదన. అంత గట్టిగా వద్దన్న మనిషే రెండున్నరేళ్లలోపు ఆ ప్రయోగాలకు పనికొచ్చే బ్యాక్టీరియాను తయారుచేసి ఇచ్చాడు. జన్యుమార్పిడి జీవుల కట్టడి చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైన ఘట్టం ఇదే.

భయానికి కారణం ఉంది. బెర్గ్ స్టాన్‌ఫర్డ్‌లో కోతుల నుంచి వచ్చిన ఎస్‌వీ40 అనే వైరస్‌తో పనిచేస్తున్నాడు. అది చిట్టెలుకల్లో కణితులు పుట్టిస్తుంది. దాని డీఎన్‌ఏను ఈ-కోలై బ్యాక్టీరియాలోకి ఎక్కించాలన్న ఆలోచన 1971లో బయటికి పొక్కగానే రాబర్ట్ పొలాక్ అనే శాస్త్రవేత్త ఫోన్ చేసి అభ్యంతరం చెప్పాడు. ఈ-కోలై మనిషి పేగుల్లో కాపురముండే జీవి. ప్రయోగశాలలో ఎవరి చేతికో అంటి, నోట్లోకి పోతే? బెర్గ్ ఆ ప్రయోగం మానుకున్నాడు.

1975 ఫిబ్రవరిలో కాలిఫోర్నియా తీరాన అసిలొమార్‌లో ఈ భయాల మీద చర్చకు దాదాపు 150 మంది సమావేశమయ్యారు. తలుపులు, గాలి వడపోతలు, చేతి తొడుగుల గురించి మాటలు సాగుతుండగా జీవశాస్త్రవేత్త సిడ్నీ బ్రెనర్ మరో దారి గట్టిగా ముందుకు తెచ్చాడు. మనిషి పొరపాటు చేస్తాడు, తలుపు తెరిచి ఉండిపోతుంది. కాబట్టి కంచెను గోడలో కాదు, జీవి ఒంట్లోనే కట్టాలి. బయట బతకలేని బ్యాక్టీరియాను తయారుచేయాలి. అది త్వరలోనే కుదురుతుందని చాలామంది అనుకున్నారు. ఆ బరువు కర్టిస్ ఎత్తుకున్నాడు.

మొదటి ఎత్తు బాగానే కనిపించింది. బ్యాక్టీరియా కణగోడకు డయామినోపైమెలిక్ ఆమ్లం కావాలి. దాన్ని సొంతంగా తయారుచేసుకునే శక్తిని తీసేస్తే, బయట అది దొరకక గోడ కట్టలేక కణం నీళ్లు పీల్చుకుని పగిలిపోవాలి. కానీ కొన్ని కణాలు పగలలేదు. కొలానిక్ ఆమ్లం అనే జిగురును ఒంటి చుట్టూ పూసుకుని నిలబడ్డాయి. లెక్కప్రకారం చావాల్సిన జీవి చావలేదని ఒప్పుకుని, కర్టిస్ బృందం ఆ జిగురు తయారీకి కావలసిన జన్యువున్న భాగాన్నే తొలగించింది. అదే ముక్కతో పాటు అతినీలలోహిత కిరణాల దెబ్బను మాన్పుకునే జన్యువూ పోయింది. దాంతో అది ఎండకూ తట్టుకోలేని జీవి అయింది. పేగుల్లోని పిత్తరసానికి కరిగిపోయేలా చేశారు. డీఎన్‌ఏ తయారీకి కావలసిన థైమిడిన్ అందకపోతే కణం చావడమే కాదు, లోపలి డీఎన్‌ఏ కూడా ముక్కలయ్యేలా చేశారు. ఈ చివరి ఏర్పాటు దగ్గర ఆయన దూరదృష్టికి చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

అమెరికా స్వాతంత్ర్యానికి రెండు వందల ఏళ్లు నిండిన సందర్భంగా దానికి కై-1776 అని పేరు పెట్టారు. 1976 జూన్‌లో వచ్చిన జాతీయ ఆరోగ్య సంస్థ నిబంధనలు పెట్టిన కొలత కఠినమైనది: పది కోట్ల కణాల్లో ఒకదానికి మించి అతికించిన డీఎన్‌ఏను బయట నిలుపుకోకూడదు. ఆ ఏడాది డిసెంబరులో కై-1776కు ఆమోదం వచ్చింది. 1978లో హార్వర్డ్‌లో వాల్టర్ గిల్బర్ట్ బృందం ఎలుక ఇన్సులిన్ పూర్వరూపాన్ని చేయించింది ఈ బ్యాక్టీరియాతోనే.

వాడినవాళ్ల తిప్పలు మాత్రం తక్కువ కాదు. నిదానంగా పెరుగుతుంది, గాజు సామానుకు సబ్బు మడ్డి కాస్త మిగిలినా చచ్చిపోతుంది. ఇంతలో మరో సంగతి తేలింది. అందరూ వాడే ఈ-కోలై కె-12 రకం 1922లో ఒక రోగి మలం నుంచి తీసినది. దశాబ్దాల తరబడి ప్రయోగశాలలోనే పెరిగి, మనిషి పేగుల్లో కాపురం పెట్టే సత్తాను అది దాదాపు పోగొట్టుకుంది. నిబంధనలు సడలాయి, కై-1776 మూలన పడింది.

కట్టడి ఆలోచన పొలానికి చేరాక దాని స్వభావం మారింది. 1998 మార్చిలో డెల్టా అండ్ పైన్ ల్యాండ్ కంపెనీకి, అమెరికా వ్యవసాయ శాఖకు కలిపి ఒక పేటెంట్ దక్కింది. ఆ పద్ధతిలో పంట పండుతుంది కానీ ఆ గింజ మొలకెత్తదు. జన్యువులు పక్క పొలాలకు పాకకుండా ఇది ఆపుతుందన్న వాదనా వినిపించింది. రైతుకు మాత్రం అందులో కనిపించింది విత్తనం దాచుకునే హక్కు మీద వేటు. టెర్మినేటర్ అన్న పేరు అలా స్థిరపడింది. 1999లో విత్తనాల కంపెనీ మోన్‌శాంటో దాన్ని మార్కెట్లోకి తేబోమని ప్రకటించింది. మన దేశం 2001 నాటి వంగడాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టంలోనే ఒక షరతు పెట్టింది: వంగడాన్ని నమోదు చేయించుకునేవారు అందులో టెర్మినేటర్ జన్యువు లేదని ప్రమాణపత్రం ఇవ్వాలి. 2002లో అనుమతి పొంది తెలుగు రైతుల చేలకొచ్చిన బీటీ పత్తిలో టెర్మినేటర్ లేదు. కర్టిస్ కట్టిన కంచె జనాన్ని కాపాడటానికి, ఈ కంచె అమ్మకాన్ని కాపాడటానికి. రెంటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

2015 జనవరిలో హార్వర్డ్‌లో జార్జ్ చర్చ్ బృందం, యేల్‌లో ఫారెన్ ఐజాక్స్ బృందం పాత దారినే చాలా ముందుకు తీసుకెళ్లాయి. ఈ-కోలై జన్యుసంకేతాన్నే తిరగరాసి, ప్రకృతిలో ఎక్కడా దొరకని అమైనో ఆమ్లం లేనిదే బతకలేని కణాలను చేశాయి. డయామినోపైమెలిక్ ఆమ్లమైతే చచ్చిన ఇతర బ్యాక్టీరియా నుంచి ఎంతో కొంత దొరకవచ్చు. ఇది అలా దొరకదు. పదివేల కోట్లకు పైగా కణాలను వడగట్టి చూసినా, తప్పించుకున్నది ఒక్కటీ కనిపించని రకాలు వాటిలో ఉన్నాయి.

అయితే అది కణాల లెక్క. చచ్చిన కణం నుంచి బయటపడే డీఎన్‌ఏను మట్టిలోని వేరే బ్యాక్టీరియా అందుకోగలదు. కర్టిస్ థైమిడిన్ ఏర్పాటు చేసింది ఇందుకే. 1976 నిబంధన కొలిచింది కూడా కణం చావును కాదు, డీఎన్‌ఏ మనుగడనే. మార్చిన సూక్ష్మజీవులను నేల మీదికి వదలడానికి అనుమతి అడిగేవాళ్లు ఆ రెండో లెక్క కూడా చూపించాలని నేను గట్టిగా కోరుతున్నాను.