చలిమంటా, గుండెలో తలుపులూ

లంబసింగిని ఆ చుట్టుపక్కలవాళ్ళు కొర్రబయలు అంటారు. ఆరుబయట పడుకున్న మనిషి తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడన్న అర్థంలో పుట్టిందట ఆ పేరు. చింతపల్లి మండలంలో, సుమారు 1000 మీటర్ల ఎత్తునున్న ఆ గిరిజన గ్రామంలో చలికాలం తెల్లవారుజామున ఒక్కోసారి సున్నా డిగ్రీల దాకా దిగుతుంది. చలిమంట లేనిదే పొద్దు పొడవదు.

చలి తగలగానే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. రక్తపోటు పెరిగి గుండెకి చాకిరీ ఎక్కువవుతుంది. మామూలుగానే రోజుకి లక్షసార్లు కొట్టుకునే ఆ గుండెకి ఆదివారం లేదు, పండగ సెలవు లేదు. అచ్చం మన ఇల్లాళ్ళలాగే! మరి దాని పొయ్యిలో కట్టెలు ఎగదోసేదెవరు?

ఈ ప్రశ్నకి సగం జవాబు చెప్పినవాడు మన తెలుగువాడే. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు ఆ చింతపల్లి పోలీసు స్టేషను మీద పడి తుపాకులు పట్టుకుపోయిన రోజుల్లోనే, యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్ళడానికి తంటాలు పడుతున్నాడు. 1895లో భీమవరంలో పుట్టాడు. అన్నదమ్ములిద్దరు ఎనిమిది రోజుల తేడాలో స్ప్రూ జబ్బుతో పోయారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసరుకి కోపం వచ్చి, ఎం.బి.బి.ఎస్.కి బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది.

బోస్టన్ చేరి, ఆసుపత్రిలో చిన్నపనులు చేసుకుంటూ చదివి, హార్వర్డులో సైరస్ ఫిస్కే దగ్గర పరిశోధనకి కుదిరాడు. 1929లో ఆ ఇద్దరూ కండరాల్లోంచి ఏటీపీ అనే పదార్థాన్ని వేరుచేశారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు. ప్రాణమున్న ప్రతి కణమూ ఖర్చుపెట్టే చిల్లరడబ్బు ఈ ఏటీపీయే. రోజు మొత్తంమీద మన ఒళ్ళు సుమారు మన బరువంత ఏటీపీని తయారుచేసి, ఖర్చుపెట్టి, మళ్ళీ తయారుచేస్తుందంటే నమ్మగలరా?

దాన్ని వండే వంటిళ్ళ పేరు మైటోకాండ్రియా. గుండె కణంలో దాదాపు మూడోవంతు జాగా వాటిదే. ఆ వంటింటి లోపలిగోడకి బుల్లి బుల్లి తలుపులుంటాయి. వాటిగుండా పొటాషియం లోపలికి వెళుతుంది. ఏటీపీ నిండుగా ఉన్నంతసేపూ తలుపు మూసే ఉంటుంది. తరిగితే తెరుచుకుంటుంది. అంటే సుబ్బారావు పట్టుకున్న పదార్థమే దానికి గడియ అన్నమాట!

ఇది ఒక్కనాడు తెలిసింది కాదు. 1983లో జపాను శాస్త్రజ్ఞుడు అకినోరి నోమా గుండె కణం బయటిగోడలో ఇలాంటి తలుపుని చూశాడు. 1986లో అమెరికాలో ముర్రీ, జెన్నింగ్స్, రైమర్ అనేవాళ్ళు కుక్కల గుండె రక్తనాళాన్ని అయిదేసి నిమిషాలు, నాలుగుసార్లు మూసి తెరిచి, ఆ తర్వాత 40 నిమిషాలు మూసి ఉంచారు. ముందు చిన్న కష్టం రుచిచూసిన గుండెల్లో చచ్చిన కండ, చూడనివాటితో పోలిస్తే నాలుగోవంతే! ఈ ఓర్పు ఎక్కడిదని వెతుకుతుండగా, 1991లో మైటోకాండ్రియా లోపలిగోడలోనూ తలుపు ఉందని, ఎలుక కాలేయంలో, తేలింది. ఆ తలుపు తెరిచే మందు గుండెకి రక్షణ ఇస్తుందని 1997లో అన్నారు. అది ఏ ప్రోటీనులతో తయారైందో 2019లో ఇటలీలోని పాడువా బృందం చెప్పింది. ఆ ప్రోటీను లేని ఎలుకల్లో ఆ మందు ఇచ్చే రక్షణ దక్కలేదు. అయినా ఈ తలుపు పాత్ర ఎంతన్న దానిమీద పండితుల వాదోపవాదాలు సాగుతూనే ఉన్నాయి.

చిన్న కష్టం గుండెని గట్టిపరుస్తుందని విని, ఛాతీలో నొప్పిని ఓర్చుకుంటూ వంట ముగించేరు సుమా! కుక్కలకి ప్రయోగశాలలో చేసింది వేరు, మన ఇంట్లో వచ్చే నొప్పి వేరు. ఆ నొప్పి వస్తే వెంటనే డాక్టరు దగ్గరకే వెళ్ళాలి.

ఇంతకీ సుబ్బారావుకి హార్వర్డులో శాశ్వత ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లే మందుల కంపెనీలో చేరాడు. తన అన్నదమ్ముల్ని మింగిన స్ప్రూకి పనికొచ్చే ఫోలిక్ ఆమ్లం తయారీ ఆయన నాయకత్వంలోనే సాధ్యమయింది. 1948 ఆగస్టులో అమెరికాలోనే కన్నుమూశాడు. మన ప్రభుత్వం 1995లో ఆయన పేర తపాలాబిళ్ళ వేసింది.

1919లో ఆయన పెళ్ళాడిన శేషగిరి మాత్రం ఇక్కడే ఉండిపోయింది. ఆయన మళ్ళీ ఈ గడ్డమీద కాలుపెట్టనేలేదు. ప్రయాణానికి మామగారు చేసిన సాయం జీవితచరిత్రల్లో లెక్కకి వచ్చింది. ఆ ఇల్లాలు ఒంటరిగా గడిపిన పాతిక సంవత్సరాలని మాత్రం ఏ పద్దులో రాయాలో ఎవరికీ తోచినట్టు లేదు. ఏటీపీ పేరు విన్నప్పుడు ఆయనతోపాటు ఆమెని కూడా ఒక్కసారి తలుచుకుంటే మన సొమ్మేం పోతుంది?