అంబరు పేరు వెనక

పత్తర్‌గట్టి అంటే మనకి ముందు ముత్యాలే గుర్తొస్తాయి. ఆ రాతి కమానుల కింద బేరమాడకుండా చార్మినార్ దాకా నడిచిన ఆడవాళ్ళు అరుదు. నాకు మాత్రం అక్కడి అత్తరు దుకాణాలంటేనే ఇష్టం. కొన్నా కొనకపోయినా ముంజేతికి ఓ చుక్క రాస్తారు కదా! గులాబీ, మల్లె, వట్టివేరు – ఈ పేర్లు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. “అంబర్” అన్న సీసా దగ్గరే ఆగిపోతాం. అంబరు పువ్వూ కాదు, వేరూ కాదు. తిమింగలం పొట్టలోంచి వచ్చే పదార్థం!

ముక్కు మూసుకోకండి, పూర్తిగా వినండి. స్పెర్మ్ తిమింగలం స్క్విడ్ అనే మెత్తటి జలచరాల్ని తింటుంది. వాటి ముక్కులు మాత్రం గట్టివి, అరగవు. వాటి చుట్టూ పేగుల్లో మైనం లాంటిది పేరుకుంటుంది. బయటపడ్డప్పుడు నల్లగా, దుర్వాసనతో ఉంటుంది. ఏళ్ళ తరబడి ఎండకీ ఉప్పునీళ్ళకీ నాని, బూడిదరంగుకి తిరిగి, కమ్మటి వాసన పట్టుకుంటుంది. అరబ్బులు దాన్నీ, ఆ తిమింగలాన్నీ కూడా అంబర్ అనే అన్నారు. ఆ మాట యూరపు వెళ్ళాక, సముద్రపొడ్డున దొరికే గట్టిపడిన చెట్టుజిగురుకీ అంటుకుంది. తికమక పడకుండా ఫ్రెంచివాళ్ళు ఒకదాన్ని బూడిద అంబర్ అనీ, రెండోదాన్ని పసుపు అంబర్ అనీ విడదీశారు. చివరికి ఇంగ్లీషువాళ్ళ “యాంబర్” ఆ జిగురు పూసలకే మిగిలింది.

ఉత్తరాన మంచు సముద్రంలో నార్వాల్ అని ఇంకో తిమింగలం ఉంది. మగదాని పైదవడ ఎడమ పన్ను పెదవిని చీల్చుకుని, మెలితిరిగి, మూడు మీటర్ల దాకా పెరుగుతుంది. అది ఒంటికొమ్ము గుర్రం కొమ్మనీ, విషానికి విరుగుడనీ యూరపు రాజులు బోలెడు డబ్బు పోసి కొన్నారు. అది తిమింగలం పన్నేనని 1638లో డెన్మార్క్ పండితుడు ఓలే వోర్మ్ తేల్చాడు. మరి అంత ఖరీదైన ప్రాణికి పాత నార్స్ భాషలో దక్కిన పేరేమిటి? “శవ తిమింగలం”! మచ్చల బూడిదరంగు ఒళ్ళు నీళ్ళలో మునిగి పోయినవాళ్ళని గుర్తుచేసిందట. పేగుల్లో మడ్డికేమో పరిమళం పేరూ, పాపం ఈ బతికున్న ప్రాణికేమో శవం పేరూనా!

ప్రాణులకే కాదు, మనుషులకీ ఇలాగే పేర్లు పెట్టారు. బానిసల్ని కొన్నవాళ్ళు ఖరీదైన సరుకుల పేర్లతో పిలుచుకునేవారు. 1310లో ఓరుగల్లు కోటను ముట్టడించిన మాలిక్ కాఫర్ పేరులో ఉన్నది కర్పూరం. ఇథియోపియాలో పుట్టిన చాపు అనే కుర్రాణ్ణి చిన్నతనంలోనే అమ్మేశారు. చేతులు మారి బాగ్దాదు చేరితే, అక్కడి యజమాని అతనికి అంబర్ అని పేరు పెట్టాడు. ఆ కుర్రాడే దక్కను వచ్చి, అహ్మద్‌నగర్ రాజ్యానికి పీష్వా అయి, జహంగీరు సేనల్ని ఏళ్ళ తరబడి అడ్డుకున్న మాలిక్ అంబర్. 1626లో కన్నుమూసేదాకా అదే పేరు. కానీ చాపూ అని నోరారా పిలిచిన ఇల్లొకటి ఎక్కడో ఉండే ఉంటుంది కదా!

బానిసత్వంతో పోల్చడం లేదు గానీ, ఇంకొకళ్ళు పేరు మార్చడం మనకి కొత్తేం కాదు. అత్తగారి పేరూ కోడలి పేరూ ఒకటే అయితే ఎవరి పేరు మారేదో మన అమ్మమ్మల్ని అడిగితే చెప్పేవారు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం స్పెర్మ్ తిమింగలానికీ వర్తిస్తుంది. అసలు అంబరు అమ్మడం మన దేశంలో నేరం. సీసాల్లో ఉండేది ఎక్కువగా చెట్టుజిగుర్ల కలయికే. సరుకు పోయినా పేరు మిగిలింది. పత్తర్‌గట్టి నుంచి మూసీ దాటితే సిద్దిఅంబర్ బజారు వస్తుంది. సిద్దీలంటే ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ సంతతి. ఈసారి ఆటోవాడు “సిద్దంబర్ బజార్” అని కేకేస్తే, అందులో అత్తరొక్కటే కాదు, ఒక మనిషి కూడా ఉన్నాడని తలచుకోండి.