అమెజాన్ ఎలాస్టిక్ ఫైల్ సిస్టమ్

అమెజాన్ ఎలాస్టిక్ ఫైల్ సిస్టమ్, పొట్టిగా ఈఎఫ్‌ఎస్, అమెజాన్ వెబ్ సర్వీసెస్ (ఏడబ్ల్యూఎస్) నడిపే క్లౌడ్ ఫైల్ నిల్వ సేవ. ఇందులో పెట్టిన ఫైళ్లను వేల లినక్స్ సర్వర్లు ఏకకాలంలో చదవగలవు, రాయగలవు. డిస్కులు సమకూర్చడం, సర్వర్లను కాపాడుకోవడం, సాఫ్ట్‌వేర్‌కు ప్యాచ్‌లు వేయడం సంస్థ పని. వాడుకరి తాను దాచుకున్న డేటాకు, ఎంచుకున్న పద్ధతిని బట్టి వాడిన వేగానికి, నెలనెలా బిల్లు కడతాడు. ఈ సేవను 2015 ఏప్రిల్‌లో ప్రకటించారు, 2016 జూన్‌లో అందరికీ తెరిచారు. ఎంత స్థలం పడుతుంది, ఎంత వేగం కావాలి అని వాడుకరి ముందే వేసుకోవాల్సిన అంచనాలు ఒక్కొక్కటిగా తగ్గుతూ రావడం దీని చరిత్రలో కనిపించే ప్రధాన ధోరణి.

నేపథ్యం

నెట్‌వర్క్ మీదుగా ఫైళ్లు పంచుకునే ఎన్‌ఎఫ్‌ఎస్ ప్రోటోకాల్‌ను సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో రూపొందించింది. దాని రెండో వెర్షన్ వివరాలు 1989లో ఆర్‌ఎఫ్‌సీ 1094గా వెలువడ్డాయి. 2000లో వచ్చిన నాలుగో వెర్షన్ ఫైల్ తాళాలను ప్రోటోకాల్‌లోనే కలుపుకొంది. రాకపోకలన్నీ 2049 అనే ఒకే పోర్టు గుండా సాగడంతో ఫైర్‌వాల్ అమరిక కూడా సులువైంది. ఆఫీసుల్లో, విశ్వవిద్యాలయాల్లో ఈ పద్ధతి స్థిరపడినా, రాబోయే కొన్నేళ్ల అవసరాన్ని ఊహించి డిస్కులు కొనే బాధ్యత మాత్రం నిర్వాహకుల మీదే ఉండేది.

ఏడబ్ల్యూఎస్ 2006 మార్చిలో ఎస్3 నిల్వ సేవను, 2008 ఆగస్టులో ఈబీఎస్‌ను ప్రారంభించింది. ఎస్3లో ఎంత డేటా అయినా పడుతుంది. కానీ ఫైల్ మధ్యలో రెండు అక్షరాలు మార్చాలన్నా మొత్తం ఫైలును మళ్లీ ఎక్కించాలి. ఈబీఎస్ మామూలు డిస్కులా పనిచేస్తుంది గానీ, అప్పట్లో ఒక సమయంలో ఒకే సర్వర్‌కు తగిలించే వీలుండేది. ఒకే ఫోల్డర్‌ను పది సర్వర్లు వాడుకోవాలంటే, అద్దె సర్వర్ మీద సొంతంగా ఎన్‌ఎఫ్‌ఎస్ నడుపుకోవడం ఒక మార్గం. ఆ సర్వర్ ఆగితే దాని మీద ఆధారపడినవన్నీ ఆగిపోయేవి. ఈ లోటును తీర్చడానికే ఈఎఫ్‌ఎస్ వచ్చింది. మొదట ఉత్తర వర్జీనియా, ఒరెగాన్, ఐర్లండ్ ప్రాంతాల్లో అందుబాటులోకి తెచ్చారు.

నిర్మాణం

ఈఎఫ్‌ఎస్ ఎన్‌ఎఫ్‌ఎస్ నాలుగో తరం ప్రోటోకాల్‌తో మాట్లాడుతుంది. అందువల్ల లినక్స్‌లో మామూలు మౌంట్ ఆదేశమే సరిపోతుంది, ప్రోగ్రామ్‌లను తిరగరాయనక్కర్లేదు. వాడుకరి ప్రైవేటు నెట్‌వర్క్‌లో ఒక్కో అవైలబిలిటీ జోన్‌కు (ఒక ప్రాంతంలో విడిగా ఉండే డేటా కేంద్రాల సముదాయానికి) ఒక్కో మౌంట్ టార్గెట్ ఉంటుంది. దానికి సొంత ఐపీ చిరునామా ఉంటుంది, సర్వర్లు దాని ద్వారానే ఫైళ్లను చేరుకుంటాయి. ప్రామాణిక రకంలో డేటా ఒకటికి మించిన జోన్లలో నిల్వ అవుతుంది కాబట్టి ఒక డేటా కేంద్రం దెబ్బతిన్నా ఫైళ్లు అందుతూనే ఉంటాయి. ఫైళ్లు చేర్చినకొద్దీ నిల్వ పెరుగుతుంది, తీసేసినకొద్దీ తగ్గుతుంది, బిల్లూ దాన్నే అనుసరిస్తుంది. ఒక్కో ఫైల్ పరిమాణం సుమారు 48 టీబీ దాకా ఉండవచ్చు.

వేగం లెక్కలు

స్థలం అంచనా వేసే పని మొదటి రోజే తప్పింది, వేగం అంచనా వేసే పని మాత్రం మిగిలిపోయింది. తొలి విధానంలో వేగం నిల్వ పరిమాణానికి ముడిపడి ఉండేది: 1 టీబీ డేటాకు సెకనుకు 50 ఎంబీ స్థిర వేగం. వాడని సమయమంతా క్రెడిట్లుగా జమయ్యేది, అవసరం పడ్డప్పుడు వాటిని ఖర్చుపెట్టి చిన్న ఫైల్ సిస్టమ్ కూడా సెకనుకు 100 ఎంబీ దాకా అందుకునేది. ఈ లెక్కన 100 జీబీ డేటా ఉన్నవారికి స్థిర వేగం 5 ఎంబీ మాత్రమే, 100 ఎంబీ వేగం రోజుకు 72 నిమిషాలు దక్కేది.

డేటా తక్కువగా ఉండి రాకపోకలు ఎక్కువగా ఉండే వెబ్‌సైట్లకు ఇది ఇబ్బందైంది. క్రెడిట్లు అయిపోగానే సైటు నెమ్మదించేది. వేగం పెంచుకోవడానికి కొందరు పనికిరాని పెద్ద ఫైళ్లను సృష్టించి నింపిపెట్టేవారు. 2018 జూలైలో వచ్చిన ప్రొవిజన్డ్ త్రూపుట్‌తో నిల్వతో సంబంధం లేకుండా వేగాన్ని విడిగా కొనుక్కునే వీలు కలిగింది. అయితే ఎంత కొనాలన్న అంచనా మళ్లీ వాడుకరి మీదే పడింది. 2022 నవంబరులో ప్రవేశపెట్టిన ఎలాస్టిక్ త్రూపుట్ ఆ అంచనానూ తీసేసి, చదివిన, రాసిన ప్రతి జీబీకి ధర కట్టింది.

ఖర్చు తగ్గింపు

ప్రారంభంలో ఉత్తర వర్జీనియాలో ధర నెలకు జీబీకి 30 సెంట్లు. ఏళ్ల తరబడి ఎవరూ తెరవని ఫైలుకూ అదే ధర. 2019 ఫిబ్రవరిలో ఇన్‌ఫ్రీక్వెంట్ యాక్సెస్ అనే చౌక తరగతి వచ్చింది. నిర్ణీత రోజులు ముట్టుకోని ఫైళ్లు వాటంతటవే అందులోకి మారతాయి, ఫోల్డర్‌లో వాటి చోటు, పేరు మారవు. చదివినప్పుడు మాత్రం అదనపు రుసుము పడుతుంది, జవాబూ కాస్త ఆలస్యంగా వస్తుంది. డేటాను ఒకే జోన్‌లో ఉంచి ధరను దాదాపు సగానికి తగ్గించే వన్ జోన్ రకం 2021 మార్చిలో, ఏడాదికి కొన్నిసార్లు మాత్రమే తెరిచే ఫైళ్ల కోసం ఆర్కైవ్ తరగతి 2023 నవంబరులో వచ్చాయి.

భద్రత, అనుసంధానం

నిల్వలో ఉన్న డేటాకు ఎన్‌క్రిప్షన్ 2017లో, ప్రయాణంలో ఉన్న డేటాకు 2018లో అందింది. 2020 జనవరిలో వచ్చిన యాక్సెస్ పాయింట్లతో ఒక్కో అప్లికేషన్‌ను ఒక్కో ఫోల్డర్‌కు, ఒక్కో యూజర్ గుర్తింపుకు కట్టడి చేయవచ్చు. వాడుకరి సర్వర్లను చూసుకోనక్కర్లేకుండా ప్రోగ్రామ్‌లు నడిపే ఏడబ్ల్యూఎస్ సేవల్లో, అదే ఏడాది ఏప్రిల్‌లో ఫార్గేట్ కంటెయినర్లకు, జూన్‌లో లాంబ్డా ఫంక్షన్లకు ఈఎఫ్‌ఎస్‌ను జోడించారు. అప్పటికి లాంబ్డాలో తాత్కాలిక నిల్వ 512 ఎంబీకే పరిమితం కావడంతో, పెద్ద మెషిన్ లెర్నింగ్ మోడళ్లు వాడేవారికి ఇది అక్కరకొచ్చింది. 2022 జనవరి నుంచి మరో ప్రాంతంలో నకలు ఉంచుకునే సౌకర్యం కూడా ఉంది.

పోటీ సేవలు

మైక్రోసాఫ్ట్ అజూర్ ఫైల్స్‌ను 2014 మేలోనే ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. అది విండోస్ లోకంలో వాడుకలో ఉన్న ఎస్‌ఎంబీ ప్రోటోకాల్‌ను ఎంచుకుంది. గూగుల్ 2018లో ఫైల్‌స్టోర్‌ను ప్రకటించింది. విండోస్ సర్వర్లకు ఈఎఫ్‌ఎస్ పనికిరాదు కనుక, ఏడబ్ల్యూఎస్ 2018 నవంబరులో ఎఫ్‌ఎస్‌ఎక్స్ పేరిట విండోస్‌కు ఒకటి, అతివేగ గణనలకు వాడే లస్టర్‌కు ఒకటి చొప్పున వేరే సేవలు తెచ్చింది.

పరిమితులు

ఫైల్‌ను తెరవడం, పేరు మార్చడం, జాబితా చూడటం వంటి ప్రతి చిన్న పనికీ నెట్‌వర్క్ మీద ఒక రాకపోక ఉంటుంది. పెద్ద ఫైళ్ల విషయంలో ఇది లెక్కలోకి రాదు. వేల చిన్న ఫైళ్లుండే గిట్ రిపాజిటరీలు, పీహెచ్‌పీ సైట్లు మాత్రం స్థానిక డిస్కు మీద కంటే నెమ్మదిగా నడుస్తాయి. ప్రామాణిక తరగతిలో జీబీకి పడే ధర కూడా ఎస్3, ఈబీఎస్‌ల కంటే ఎక్కువ. అంచనాలు వేసే పని తప్పడంతో బిల్లు వాడకాన్ని బట్టి పెరుగుతుంది. ఎలాస్టిక్ పద్ధతిలో ఒక అప్లికేషన్ అదుపు తప్పి ఫైళ్లను పదేపదే చదివినా ఏ హెచ్చరికా లేకుండా ఆ రుసుము పడుతుంది. అందువల్ల ఒకప్పుడు డిస్కుల కొనుగోలు లెక్కలు వేసిన నిర్వాహకులు ఇప్పుడు ఖర్చు హెచ్చరికలు పెట్టుకోవడం, ఏ ఫైలు ఏ తరగతిలోకి ఎప్పుడు మారాలో నిర్ణయించడం నేర్చుకోవాల్సి వస్తోంది.