బాగుచేయలేని పద్దు

జాన్ ఎవెలిన్ తోట పాడైపోతుంది. ఆ సంగతి మనకు తెలుసు, ఆయనకు తెలియదు. అందుకే 1650ల తొలినాళ్ళలో, లండన్ చెంత డెట్‌ఫర్డ్‌లో, ఓడలు కట్టే రేవును ఆనుకుని ఉన్న సేస్ కోర్ట్‌లో కాపురం పెట్టి, ముచ్చటపడి మొక్కలు నాటుకుంటున్న ఆ యువకుణ్ణి తలచుకుంటే గుండె బరువెక్కుతుంది. నలభై ఏళ్ళు పెంచాడు. అందులో ఆయన ప్రాణమంతా ఒక హాలీ కంచె మీద. 400 అడుగుల పొడవు, 9 అడుగుల ఎత్తు, 5 అడుగుల మందం. ఏ కాలంలో చూసినా నిగనిగలాడే ముళ్ళ ఆకులు, వాటి నడుమ ఎర్రెర్రని పళ్ళు. చెట్ల గురించి తాను రాసిన ‘సిల్వా’ గ్రంథంలోనూ దాన్ని చెప్పుకుని మురిసిపోయాడు.

1694లో, డెబ్బై దాటిన వయసులో, వాటన్‌లోని అన్నగారింటికి మకాం మార్చాడు. 1696లో సేస్ కోర్ట్‌ను జాన్ బెన్‌బో అనే నౌకాదళ అధికారికి మూడేళ్ళకు అద్దెకిచ్చాడు. తోటను చూసుకోవాలన్నది షరతు. ఇవాళ మనవాళ్ళు ఫ్లాటు అద్దెకిస్తూ ఫ్యాన్లెన్ని, గీజర్లెన్ని, తాళంచెవులెన్ని అని రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకుంటారు. మంచి పద్ధతే. కుర్చీలకు లెక్కుంటుంది. నలభై ఏళ్ళ ఎదుగుదలను ఏ గడిలో రాసుకోవాలి?

ఏడాది తిరక్కముందే ఎవెలిన్ ఒక స్నేహితుడికి ఉత్తరంలో బాధపడ్డాడు. ఇంట్లో ఉన్నాయన కాస్త నాజూకైనవాడైతే బాగుండేదట, తన శ్రమంతా రోజురోజుకూ చెడిపోతోందట. అయ్యో, అప్పుడే ఇల్లు వెనక్కి తీసుకుని ఉంటే! తీసుకోలేదు.

1698 వచ్చింది. రష్యా జార్ పీటర్ ఓడల పని నేర్చుకోవడానికి ఇంగ్లండ్ వచ్చాడు. రేవు పక్కనే ఇల్లు కావాలి. బెన్‌బో ఆ ఇంటిని అతనికి ఇచ్చాడు. అద్దెదారు కింద అద్దెదారు, పైగా విలియం రాజుగారి అతిథి. ఏ ఇంటివాడు కాదనగలడు? ఇంటినిండా జనం, చూడలేనంత మురికి అని ఎవెలిన్‌కు నౌకరు కబురు రాశాడు. అప్పటికైనా ఎవరైనా ఒక మాట అని ఉంటే కొన్ని చెట్లు దక్కేవేమో.

ఏప్రిల్‌లో జార్ వెళ్ళిపోయాడు. జూన్‌లో ఆ డెబ్బై ఏడేళ్ళ ముసలాయన వచ్చి తన ఇంటిని చూసుకున్నాడు.

అప్పుడు తయారైంది జాబితా. ఇంటి నష్టం చూడ్డానికి వచ్చింది సెయింట్ పాల్స్ కెథీడ్రల్ కడుతున్న క్రిస్టఫర్ రెన్ అంతటివాడు. తోట చూసింది రాజుగారి తోటమాలి జార్జ్ లండన్. పద్దు వెంట పద్దు పడింది. పగిలిన కిటికీ అద్దాలు 300 దాకా, విరిగిన కుర్చీలు 50 దాకా. చిరిగిన చిత్రాలు, వాటి చట్రాలు. పాడైన ఈకల పరుపులు. నేల నిండా జిడ్డు, సిరా మరకలు. ఆ మధ్యలో మూడు ఒంటిచక్రపు తోపుడు బండ్లు కూడా. జార్‌ను అలాంటి బండిలో కూర్చోబెట్టి కంచెల్లోంచి తోసుకుపోయేవారని చెప్పుకుంటారు. ఈ పద్దు చూశాక ఆ కథను కొట్టిపారేయబుద్ధి కాదు.

తోటమాలి జాబితా చదవడమే కష్టం. బంతులాడే పచ్చిక పాడైంది. గోడవార పెంచిన పళ్ళచెట్ల కొమ్మలు విరిగాయి. హాలీలు విరిగాయి. చెట్లకు జరిగిన ఈ నష్టం బాగుచేయలేనిదని ఆయనే రాశాడు. రాసి, బాగుచేయగలిగినవాటికి ఖరీదు కట్టాడు. అన్నీ కలిపి మొత్తం 350 పౌండ్ల పైచిలుకు లెక్క తేలింది. లెక్కలో ఎవరూ ఎవరికీ అన్యాయం చేయలేదు. అందుకే కోపం తెచ్చుకోవడానికి కూడా చోటు మిగల్లేదు.

కొన్నాళ్ళకు ఆ ఇల్లు నేలమట్టమైంది, ఆ చోట పేదలను ఉంచే వర్క్‌హౌస్ వెలిసింది. అది చూడ్డానికి ఎవెలిన్ లేడు, 1706లోనే పోయాడు. అయితే పోయేలోగా ‘సిల్వా’ను మళ్ళీ దిద్దాడు. హాలీ కంచె వర్ణనను అందులోంచి తీసేయలేదు. తోట శిథిలమైందని మాత్రం ఒక మాట కలిపి, ఆ పక్కనే బ్రాకెట్లలో మాస్కో జార్‌కు కృతజ్ఞతలు చెప్పుకున్నాడు.