గుద్ది పారిపోతే శిక్ష: ఈ చట్టం ఎలా పెరిగింది?



లారీయో బస్సో టాక్సీయో తోలి కుటుంబాన్ని పోషించేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. 2024 జనవరి మొదట్లో డ్రైవర్లు సమ్మెకు దిగి, పెట్రోలు బంకుల ముందు బారులు తీరినప్పుడు మన ఇళ్లలో వినిపించిన మాట ఒక్కటే: "గుద్ది పారిపోతే పదేళ్ల జైలంట!" ఆ మాట వెనకున్న చరిత్ర మనం తెలుసుకోవాలి.

1860 నాటి భారత శిక్షాస్మృతిలో, నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే శిక్షించే సెక్షను మొదట లేదు. 1870లో 304-ఏ చేర్చారు. గరిష్ఠ శిక్ష రెండేళ్లు. అప్పటికి మన రోడ్ల మీద మోటారు బండే లేదు.

మోటార్లు పెరిగాక వచ్చిన 1939 చట్టం డ్రైవరుకు కొన్ని బాధ్యతలు అప్పగించింది. ప్రమాదం జరిగితే గాయపడినవారికి వైద్యం అందేలా చూడాలి, 24 గంటల్లో పోలీసు స్టేషనులో చెప్పాలి. ఎద్దు బెదురుతుందని దాన్ని తోలుకెళ్లేవాడు ఆపమన్నా బండి ఆపాలి. మన తాతల కాలపు రోడ్డు ఎలాంటిదో ఆ ఒక్క నియమమే చెబుతుంది.

1988 చట్టం ఆ బాధ్యతలను నిలబెడుతూనే ఒక వాస్తవాన్ని ఒప్పుకుంది. జనం కోపంతో మీద పడితే వైద్య సాయం చేయలేకపోవచ్చని 134వ సెక్షనులోనే రాసింది. అయితే ఎందుకు చేయలేకపోయారో స్టేషనులో చెప్పి తీరాలి. ఈ బాధ్యత తప్పితే మొదటిసారి మూడు నెలల వరకు జైలు లేదా 500 రూపాయల వరకు జరిమానా ఉండేది. 2019లో దాన్ని ఆరు నెలలు, 5,000 రూపాయలకు పెంచారు.

2023లో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే శిక్షను ఐదేళ్ల దాకా పెంచింది. బండి తోలుతూ ప్రాణం తీసి, పోలీసులకో మేజిస్ట్రేటుకో వెంటనే చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా అంది. సమ్మె తర్వాత రవాణా సంఘంతో మాట్లాడాకే దీన్ని అమలు చేస్తామని కేంద్రం చెప్పింది. 2024 జులై 1న సంహిత అమల్లోకి వచ్చినా, ఈ పదేళ్ల ఉపసెక్షనును మాత్రం పక్కన ఉంచారు.

జనం కొడతారన్న డ్రైవర్ల భయం అబద్ధం కాదు. రోడ్డు మీద రక్తం కారుతున్న మనిషి కూడా ఎవరి ఇంటి బిడ్డో. 1939 నుంచి నేటి దాకా చట్టం రెండింటికీ మధ్య ఒకే దారి చూపుతోంది: వెళ్లి చెప్పు. ప్రాణభయంతో అక్కడ నిలబడలేకపోయినా, స్టేషనుకు వెళ్లిన మనిషి వేరు, మాయమైన మనిషి వేరు.

కనుక స్టీరింగు పట్టే మన పిల్లలకు ఈ రెండు నంబర్లు నేర్పుదాం: అంబులెన్సుకు 108, పోలీసుకు 112. తర్వాత నేరుగా దగ్గరి స్టేషనుకే వెళ్లమందాం.