వంక ఒడ్డు చెట్లు: అమెరికా ఎడారి చరిత్ర నేర్పే పాఠం

మాది కృష్ణగిరి జిల్లాలో ఒక చిన్న పల్లె. ఊరి పక్కనే ఒక వంక ఉంది. వానొస్తే పారుతుంది, లేకుంటే వట్టి ఇసుకే. మా తాత చిన్నప్పుడు దాని ఒడ్డున కానుగ, నేరేడు, మద్ది చెట్లు ఉండేవంట. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి నేను చూసింది సర్కారు తుమ్మ ఒక్కటే. తమిళంలో దీన్ని సీమై కరువేలం అంటారు.

రెండేళ్ళ కిందట జేసీబీ తెచ్చి ఆ తుమ్మనంతా పెరికేశారు. పిల్లలమంతా చప్పట్లు కొట్టాము. ఆ ఏడు కార్తీక మాసం వానలకు ఒడ్డు తెగి మా చేను గట్టు జారిపోయింది. రెండు కొబ్బరి చెట్లు పడిపోయాయి. మళ్ళీ ఎండాకాలం వచ్చేసరికి తుమ్మ మోకాలెత్తు మొలిచింది. "పెరికేది అందరికీ వస్తుందిరా! ఒడ్డును పట్టుకునేదానికి ఏం నాటినారు?" అని తాత అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. దాన్ని వెతుకుతూ పోతే అమెరికా ఎడారి ఏర్ల చరిత్ర దొరికింది. అదే ఈ వ్యాసం.

అమెరికా నైరుతి భాగంలో అరిజోనా, న్యూమెక్సికో, యూటా, నెవాడా రాష్ట్రాలలో పెద్ద ఎడారులున్నాయి. అక్కడ పచ్చదనమంతా ఏర్ల ఒడ్డునే. కాటన్‌వుడ్, విల్లో, మెస్కీట్ అనేవి ఆ ఒడ్డుల సొంత చెట్లు. కాటన్‌వుడ్ విత్తనానికి దూదిలాంటి పోగులుంటాయి, అందుకే ఆ పేరు. ఆ విత్తనం కొన్ని వారాలే బతుకుతుంది. కొండల మీద మంచు కరిగి వరద వచ్చి, అది తీసే వేళకు సరిగ్గా విత్తనాలు రాలుతాయి. వరద వదిలిపోయిన తడి ఒండ్రులో మొలుస్తాయి. నేలలో నీరు మెల్లగా దిగుతుంటే వేరు దాని వెంటే దిగుతుంది. అంటే ఆ చెట్టుకు వరదే పురుడు పోసే మంత్రసాని.

19వ శతాబ్దం మొదట్లో ఆసియా, ఐరోపా వైపు నుంచి టామరిస్క్ అనే మొక్కను అందం కోసం అమెరికాకు తెచ్చారు. తర్వాత ఒడ్డులు కోసుకుపోకుండా ఉండాలని ప్రభుత్వమే దాన్ని నాటించింది. 1935లో హూవర్ డ్యామ్ ప్రారంభమైంది. 1963లో గ్లెన్ కాన్యన్ డ్యామ్‌లో నీళ్ళు నింపడం మొదలైంది. కొలరాడో నదికి వెనకటి వరదలు నిలిచిపోయాయి. వరద లేక కాటన్‌వుడ్ మొలవలేదు. టామరిస్క్ మాత్రం ఎండాకాలం పొడుగునా లక్షల విత్తనాలు రాలుస్తుంది. ఉప్పునేలనూ తట్టుకుంటుంది. నరికితే మొదట్లోంచి మళ్ళీ చిగురిస్తుంది. అలా అది ఏర్లన్నీ ఆక్రమించింది.

ఈ చెట్టు ఒక్కొక్కటి రోజుకు సుమారు 750 లీటర్ల నీళ్ళు తాగుతుందని చాలాకాలం నమ్మారు. దాన్ని తీసేస్తే ఏట్లో నీళ్ళు పెరుగుతాయని పెకోస్ నది పొడుగునా వేల ఎకరాల్లో పెరికించారు. అనుకున్నట్టు నీళ్ళు పెరగలేదు. ఒడ్డున ఉండే సొంత చెట్లూ దాదాపు అంతే తాగుతాయని తర్వాతి పరిశోధనల్లో తేలింది.

2001లో టామరిస్క్ ఆకులను తినే పురుగును మధ్య ఆసియా వైపు నుంచి తెచ్చి వదిలారు. అది బాగానే తిన్నది. ఇక్కడే ఇంకో చిక్కు వచ్చింది. విల్లో ఫ్లైక్యాచర్ అనే చిన్న పిట్టలో నైరుతి రకాన్ని 1995లోనే అంతరించిపోతున్న వాటి జాబితాలో చేర్చారు. విల్లో చెట్లు తగ్గిపోవడంతో అది టామరిస్క్‌లోనే గూడు కట్టుకోవడం నేర్చుకుంది. పురుగు ఆకులు తినేస్తే గూటికి నీడెక్కడిది? 2010లో ప్రభుత్వం ఆ పురుగును వదిలే కార్యక్రమాన్ని ఆపేసింది.

దీని నుంచి వాళ్ళు నేర్చుకున్నది ఒకటే: తీయడం సగం పని, నాటడం మిగతా సగం. ఇప్పుడు చాలాచోట్ల కొంచెం కొంచెంగా తీస్తూ, ఆ జాగాలో సొంత చెట్లు నాటుతున్నారు. ఆకు రాలిన చలికాలంలో కాటన్‌వుడ్, విల్లో కొమ్మలను నిలువు కర్రలుగా కోసి, కింద తేమ తగిలేదాకా లోతుగా గుంత తీసి పాతుతారు. పశువులు మేయకుండా కంచె వేస్తారు. అరిజోనాలో శాన్ పెడ్రో ఏటి వెంట 1988లో రక్షిత ప్రాంతం ఏర్పాటు చేసి పశువుల మేతను ఆపితే, చాలాచోట్ల చెట్లు వాటంతట అవే తిరిగొచ్చాయి.

2014 మార్చి 23న అమెరికా, మెక్సికో దేశాలు ఒప్పుకొని, ఎండిపోయిన కొలరాడో డెల్టాకు మొరెలోస్ డ్యామ్ నుంచి నీళ్ళు వదిలాయి. సుమారు 8 వారాల్లో వదిలింది 13 కోట్ల ఘనపు మీటర్లు. మన లెక్కలో 4.6 టి.ఎం.సీ.లు. మే నెలలో నది సముద్రాన్ని తాకింది. ముందే కలుపు తీసి సిద్ధం చేసిన చోట్ల కాటన్‌వుడ్, విల్లో మొలకలు బాగా వచ్చాయి.

ఈ చరిత్రకు మనకు చుట్టరికం ఉంది. మన సర్కారు తుమ్మ ఆ మెస్కీట్‌కు దగ్గరి బంధువు. వంటచెరకు కరువు తీరాలని 1877లో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని కడప జిల్లా కమలాపురంలో నాటించారు. మన వైపు మొక్క వాళ్ళ ఏర్లలో పడింది, వాళ్ళ వైపు మొక్క మన వంకల్లో పడింది. తప్పు మొక్కది కాదు. తెచ్చిన మనిషి ముందుచూపు లేకపోవడమే తప్పు.

ఇదంతా చెప్పినాక మా అవ్వ ఇంకో మాట అంది: "తుమ్మనంతా ఒకేసారి తీస్తే నా పొయ్యిలోకి కట్టెలెవరు తెస్తారు?" నాకు ఆ చిన్న పిట్ట గుర్తొచ్చింది. అవ్వ కూడా ఆ చెట్టునే నమ్ముకుంది.

పోయిన ఆడి మాసంలో మా క్లాసు వాళ్ళం, తాత చూపించిన చోట తుమ్మ కొంచెమే తీసి 40 కానుగ మొక్కలు నాటాము. చుట్టూ ఆ తుమ్మ కంపే కంచెగా వేశాము. మేకలు, ఎండ పోను 11 మిగిలాయి. తక్కువే అనిపించి తాతతో అన్నాను. "పదకొండు చెట్లు ఒడ్డు పట్టుకుంటే మన గట్టు నిలుస్తుంది. మిగతావి వచ్చే వానకు నాటు" అన్నాడు.

మిత్రులారా, మీ ఊరి వంకకు కూడా ఒక చరిత్ర ఉంటుంది. ఒడ్డున ముందు ఏ చెట్లుండేవో మీ అవ్వనో తాతనో ఈ రోజే అడగండి. వాళ్ళు చెప్పిన పేర్లు రాసిపెట్టుకోండి. నాటేటప్పుడు అవే కావాలి.